స్ప్రింగు మారిస్తే సడక్ బాగుపడదు

"ఉఠా దేంగే భాయ్, ఫిక్ర్ నక్కో కరో."

ఉప్పల్ వైపు ఒక షెడ్డులో ఉస్తాద్ నా కారు కింద నుంచి తల బయటపెట్టి అన్న మాట ఇది. లేపేద్దాం, ఫిక్ర్ వద్దు అని. నేను ఫిక్ర్ చేయలేదు. నా గలతీ అక్కడే మొదలైంది.

మాది పాత ఇండిగో మెరీనా. టాటా వాళ్ళ స్టేషన్ వ్యాగన్. డిక్కీ వెనక్కి సాగి ఉంటుంది, ఇంటి సామానంతా మింగుతుంది. వలీమాకి దేగ్ తేవాలన్నా, బక్రీద్ రోజు కుర్బానీ హిస్సాలు చుట్టాలిళ్ళకి చేర్చాలన్నా మొహల్లాలో అందరికీ మా బండే గుర్తొస్తుంది. ఒక్కటే ఐబ్. పొడవెక్కువ, నేలకి దగ్గర.

బోడుప్పల్ నుంచి ఎటు పోవాలన్నా వరంగల్ హైవే ఎక్కాల్సిందే. ఎన్‌హెచ్ 163. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్లకు పైగా పైవంతెన కడతామని 2018లో సంగె బునియాద్ వేశారు. స్తంభాలు లేచాయి, పని ఆగింది, కాంట్రాక్టు మారింది, తారీఖుల మీద తారీఖులు వచ్చాయి. ఏడేళ్ళు దాటాయి. పైన వంతెన పూర్తి కాలేదు, కింద ఉన్న రోడ్డు యతీం అయిపోయింది. ఎట్లాగూ పైన వంతెన వస్తుంది కదా అని కింది రోడ్డుని పట్టించుకున్నవాడు లేడు. వానాకాలంలో మేడిపల్లి దాకా పోయి వచ్చినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోడ్డు మీద మా మెరీనా కింద తగలని రోజు లేదు. వెనక ముగ్గురు కూర్చుంటే సైలెన్సర్ పైపు తగిలేది. ముందు చక్రాలు గుంతలో దిగితే ఆయిల్ చాంబర్ తగిలేది. చాంబర్ పగిలిందా, ఆయిల్ కారిపోయి ఇంజినే సీజ్ అవుతుంది. ఆ భయాన్ని నేను మజాక్ చేయను. నాచారంలో ఉండే మా సాలే సాహెబ్ దగ్గర మాత్రం అన్ని బీమారీలకూ ఒక నుస్ఖా ఉంటుంది. "దూల్హాభాయ్, ఎత్తు స్ప్రింగులు వేయించుండ్రి. ఎస్‌యూవీ లెక్క పోతది" అన్నాడు. వేయించాను.

స్ప్రింగు సంగతి సాఫ్‌గా చెప్పుకుందాం. కారు బరువు స్ప్రింగు మీద కూర్చుంటుంది. బరువుకి నొక్కుకున్నాక మిగిలిన పొడవే మనకి కనిపించే ఎత్తు. ఆ ఎత్తు పెరగాలంటే స్ప్రింగు ఇంకా పొడవైనా ఉండాలి, ఇంకా గట్టిగా అయినా ఉండాలి. నాకు వేసినవి రెండూ. కారు సుమారు 40 మిల్లీమీటర్లు లేచింది. రెండు వేళ్ళ మందం. ఆ రోజు సాయంత్రం పీర్జాదిగూడ దగ్గర ఎప్పుడూ తగిలే చోట తగలకుండా దాటితే, అల్లా మాఫ్ చేయాలి, నాకు గురూర్ కూడా వచ్చింది.

వారం తిరక్కుండానే లెక్క తేలింది. షాకబ్జర్లు పాతవే ఉంచేశారు. వాటికి చాచుకోవడానికి ఒక హద్దు ఉంటుంది. కారు పైకి లేచి నిలబడేసరికి అవి మామూలుగానే ఎక్కువ చాచుకుని ఉన్నాయి. చక్రం గుంతలోకి జారగానే హద్దు దాకా సాగి లోపల 'టక్' అని కొట్టేవి. ఇంకోసారి చదవండి, ఇందులో ఒక తమాషా ఉంది. గుంతల కోసం కారు లేపితే, చక్రం గుంతలోకి దిగడానికి ఉన్న జాగా తగ్గిపోయింది. పొట్ట తగలడం లేదు, సరే. చక్రం మాత్రం గుంతలోకి దిగాల్సింది పోయి గుంత మీద ఎగిరి పడుతోంది.

మిగతావి చిన్న చిన్న నుక్సాన్‌లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు యాక్సిల్ దగ్గర కటకట. అలైన్‌మెంట్ మళ్ళీ చేయించాలని ఎవరూ చెప్పలేదు, ముందు టైర్లు లోపలి అంచు అరిగాక తెలిసింది. వెనక కంటే ముందు భాగం కాస్త ఎక్కువ లేవడంతో హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీద కాకుండా ఎదుటి స్కూటర్‌వాడి కళ్ళలో పడేది. బరువు పైకి పోయింది కాబట్టి రింగ్ రోడ్డు మలుపులో కారు పాతకాలం డబుల్ డెక్కర్ బస్సులాగా ఒరిగేది.

ఇవన్నీ నేను భరించేవాణ్ణే. అమ్మీ భరించలేకపోయింది. వెన్నెముక ఆపరేషన్ అయిన మనిషి. నెలకి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. గట్టి స్ప్రింగు బండి నిండా బరువుంటేనే కాస్త మెత్తబడుతుంది. కార్లో ఉండేది నేను, అమ్మీ, ఒక తకియా. ప్రతి గుంత దెబ్బా స్ప్రింగు మింగకుండా సీటుకి ఇచ్చేది, సీటు ఆమె కమర్‌కి ఇచ్చేది. మొదటిసారి ఏమీ అనలేదు. రెండోసారి ఇంటి ముందు దిగి, గేటు పట్టుకుని కాసేపు నిలబడి, "బేటా, యే కార్ హై కీ ఊంట్?" అంది. నవ్వుతూనే అంది. ఆ రాత్రి నొప్పి మాత్ర ఒకటి ఎక్కువ వేసుకుందని పొద్దున బేగం చెప్పింది.

స్ప్రింగులు ముట్టుకోవడమే హరామ్ అని నేను అనడం లేదు. ఏళ్ళ తరబడి బరువు మోసిన స్ప్రింగు కుంగుతుంది. చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి నాలుగు వైపులా కొలవండి. కుడి ఎడమలకి తేడా ఉన్నా, వెనక బాగా దిగిపోయినా స్ప్రింగు పని అయిపోయిందని అర్థం. అప్పుడు కంపెనీ కొలతకే కొత్తవి, జతగా, షాకబ్జర్లు కూడా చూసుకుని వేయించండి. పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. నా బండికి కావాల్సింది అదే. నేను కొలవలేదు, ఉస్తాదూ కొలవలేదు. టైరు 175/65 నుంచి 175/70కి మారిస్తే, చక్రానికి చోటు ఉంటే, ఇంకో 8.75 మిల్లీమీటర్లు లేస్తుంది. అంతకు మించి ఆశ వద్దు. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్చి "ఇదే లిఫ్ట్ కిట్" అని అమ్మేవాళ్ళ సంగతైతే ఇంకా అన్యాయం. ఆ ముక్క స్ప్రింగులో ఒక చుట్టుని పనిచేయకుండా ఆపుతుంది, అంతే. పైసలు ఇచ్చి స్ప్రింగుని లంగ్డా చేయించుకోవడం.

ఇక ఖానూన్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి, అనుమతి లేని మార్పుకి, విడి భాగాలు తగిలించడం సహా, ఆరు నెలల దాకా ఖైదు గానీ మార్పుకి 5,000 రూపాయల జుర్మానా గానీ, రెండూ గానీ అని రాశారు. ఎత్తు స్ప్రింగు ఈ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది వకీళ్ళు వాదించుకునే సంగతి. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాడు ముందు వాదిస్తాడు. ఆ రోజు షెడ్డు ఉస్తాద్ మీ పక్కన నిలబడడు.

అయితే అదే 2019 సవరణలో 198ఎ అని ఇంకో సెక్షన్ కూడా చేర్చారు. రోడ్డుని ప్రమాణాల ప్రకారం కట్టని, బాగోగులు చూడని అధికారి, కాంట్రాక్టర్, కన్సల్టెంట్‌ల వల్ల మనిషి చనిపోయినా అవిటివాడైనా లక్ష రూపాయల దాకా జుర్మానా. స్ప్రింగు మార్చినవాడి మీదా ఖానూన్ ఉంది, సడక్ పాడుపెట్టినవాడి మీదా ఉంది. మొదటిదాని పేరు చెప్పి నన్ను భయపెట్టినవాళ్ళు చాలామంది. రెండోదాని పేరు మా మొహల్లాలో ఒక్కడి నోట నేను వినలేదు.

నా అసలు షికాయత్ ఇక్కడ ఉంది. కారు లేపించుకున్న ఆ మూడు నెలలు నేను ఆ రోడ్డు గురించి ఒక్క అర్జీ పెట్టలేదు. ఒక్క ముక్క రాయలేదు. అంతకు ముందు ఫొటోలు తీసేవాణ్ణి, ఫోన్లు చేసేవాణ్ణి, మా డెస్కులో వాళ్ళు "మళ్ళీ నీ ఉప్పల్ గుంతలా" అని ఛేడించేవారు. కారు కింద తగలడం మానేసింది, నా నోరూ ఆగిపోయింది. లేపిన ప్రతి కారుతో ఇట్లా ఒక నోరు మూతపడుతుంది. ఎస్‌యూవీ కొనుక్కున్న ఇంటితో ఇంకోటి. చివరికి మిగిలేది స్కూటీ మీద బచ్చాల్ని బడికి దింపే ఆపా, కూరగాయల బండి తోసుకుపోయే ఆయన, డీజిల్ ఆటో తోలేవాడు. వీళ్ళు ఏ స్ప్రింగు మార్చుకోవాలి? గుంతల వల్ల జరిగిన ప్రమాదాల్లో 2022లో మన దేశంలో 1,856 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదికలోనే ఉంది.

హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు గురించి ఒక రివాయత్ మన బయానుల్లో వినని వాళ్ళు లేరు. ఇరాఖ్‌లో ఒక ఖచ్చర్ కాలు జారి పడితే, దాని దారి ఎందుకు చదును చేయలేదని అల్లా నన్ను అడుగుతాడేమో అని ఆయన భయపడ్డారు. మనం సుబ్హానల్లా అంటాం, చెప్పులేసుకుని బయటికొస్తాం. ఖచ్చర్‌కి ఎత్తు నాడాలు కొట్టించండి అని ఆయన అనలేదని మాత్రం మనకి తట్టదు.

సర్కారుని అంటే చాలదు. మనవి కూడా చూసుకోవాలి. దారిలోంచి తక్లీఫ్ ఇచ్చే వస్తువుని తీసేయడం ఈమాన్‌లో ఒక హిస్సా అని హదీసు చదివిన బిరాదరీ మనది. మా గల్లీలో స్పీడ్ బ్రేకర్లు చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున నెమ్మదిగా లేచి 10 సెంటీమీటర్ల ఎత్తుకి చేరాలి. మా దగ్గర మేస్త్రీకి మిగిలిన సిమెంటు ఎంత ఉంటే అంత. అడుగు వెడల్పు, ఇటుక ఎత్తు. నా చాంబర్‌కి పడిన గీతల్లో సగం హైవేవి, సగం మనవాళ్ళు పోసిన ఈ దిమ్మెలవి. ఇంటి ర్యాంపు రోడ్డు మధ్య దాకా జరిపినవాడు మనలోనే ఉన్నాడు. దావత్ అంటే రోడ్డుకి అడ్డంగా షామియానా, గునపంతో తారులో బొక్కలు. మూడో రోజు గుంజలు పోతాయి, బొక్కలు ఉంటాయి. మొదటి వానకి అవే గుంతలు. వినాయక మండపం వాళ్ళూ చేస్తారు కదా అంటారు. చేస్తారు. వాళ్ళ హిసాబ్ మనం ఇవ్వక్కర్లేదు.

అమ్మీ ఊంట్ అన్న వారానికే పాత స్ప్రింగులు వేయించేద్దామని పోయాను. అవి తుక్కుకి పోయాయన్నారు. రాణీగంజ్ తిరిగి కంపెనీ కొలతవి తెచ్చి, షాకబ్జర్లతో సహా మార్పించాను. మొత్తం ఖర్చు చెబితే బేగం ఈ బ్లాగు చదవడం మానేస్తుంది. కారు ఇప్పుడు మళ్ళీ నేలకి దగ్గరే. గుంతల దగ్గర దాదాపు ఆపి, చక్రాన్ని నెమ్మదిగా దించి, వెనక హారన్లు కొట్టేవాళ్ళని కొట్టనిచ్చి పోతున్నాను. అర్జీలు మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కణ్ణే కాదు. జుమా తర్వాత మస్జిద్ బయట ఒక కాగితం పెట్టాం, పక్క కాలనీ సంఘం వాళ్ళు వాళ్ళ గుడి దగ్గర ఇంకో కాగితం పెట్టారు. గుంత ఎక్కడ, ఎంత లోతు, ఏ స్తంభం పక్కన, ఫొటో ఏ తారీఖుది అని రాసి, కింద 198ఎ పేరు రాసి, దస్తఖత్‌లు. 2025 అక్టోబరులో బాంబే హైకోర్టు గుంతలో పడి చనిపోయినవారి వారసులకి 6 లక్షలు, గాయపడినవారికి 50 వేల నుంచి 2.5 లక్షల దాకా ఇవ్వాలని చెప్పింది. అది మహారాష్ట్ర సంగతి, ఇక్కడి అధికారుల్ని కట్టిపడేయదు. అయినా ఆ తీర్పు నకలు కూడా జత చేశాం. చదువుకుంటారని.

మా మస్జిద్ గల్లీ మొదట్లో ఉన్న ఇటుక ఎత్తు దిమ్మెని తీయించాలని కూడా కమిటీలో అడిగాను. పోయించిన పెద్దమనిషి ఇంకా నాతో సలాం బంద్ చేసి ఉన్నాడు.

ఎత్తు స్ప్రింగులు నాలుగూ మా మిద్దె మీద మూలన ఉన్నాయి. సాలే సాహెబ్ తన కారుకి పనికొస్తాయని రెండుసార్లు ఫోన్ చేశాడు. ముందు ఆ కాగితం మీద దస్తఖత్ పెట్టి రమ్మన్నాను. ఇంకా రాలేదు.