ఊదా, శమామానా? పెళ్ళికొడుకు అత్తరు గురించి మా మాట

మాఘంలో మా పెద్దవాడి పెళ్ళి. బరంపురంలో అత్తరు కొనబోతే చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఊద్, అంటే మన అగరే. రెండోది శమామా. రెండూ ఘాటే, రెండిట్లోనూ చెక్క వాసనే.

చెరో ముంజేతికీ రాసుకుని రోజంతా తిరిగాం. ఊద్ రాయగానే గెలిచింది. పొగ, తోలు, దర్జా. మధ్యాహ్నానికి తలనొప్పి! శమామా మొదట కషాయంలా కొట్టింది. లవంగం, జాజికాయ, యాలకులు, జటామాంసి, తుంగముస్తలు, రాతిపువ్వు... సగం మన పోపులపెట్టె, సగం మూలికల కొట్టు. సాయంత్రానికి మెత్తబడి చందనంలోకి దిగింది.

మా ఓటు శమామాకే. కారణం వాసనొక్కటే కాదు. వానాకాలంలో మా చమఖండి వైపు తెల్లారేసరికి మొగలి మగపూలు కోసి, రాగి డేగులో ఉడికించి, ఆ ఆవిరిని భబ్కాలో ఉన్న చందన తైలంలోకి దింపుతారు. కనౌజ్‌లో శమామా చేసేదీ అదే డేగు, అదే భబ్కా. మొగలిపువ్వు శివపూజకి పనికిరాదంటారు గానీ, మా మామ్మ పట్టుచీరల పెట్టెలో ఎప్పుడూ దాని రేకులే. ఆ పెట్టె రేపు కోడలిది. అందులో మొగలి పక్కన శమామా ఇముడుతుంది. ఊద్ పడితే ఇంకేదీ మిగలదు.

ఒక్కమాట, చందనం ప్రియమయ్యాక చాలా అత్తర్లు పారఫిన్ నూనెలోనే దిగుతున్నాయి. దేంట్లో దించారో అడిగి కొనండి. పెద్ద సీసా ఎందుకు, మంచిది మూడు మిల్లీలీటర్లు చాలు.

పెద్దవాడు మాత్రం ఊదే అంటున్నాడు. సరే, పెళ్ళినాడు వాడిష్టం. పెట్టెలో వేసేది మేం.