కలలోకి వచ్చిందెవరు?

విజయనగరంలో కలకి ఉన్న మర్యాద ఇంకెక్కడా ఉండదేమో. పైడితల్లి అమ్మవారు పూజారి కలలో కనిపించి, సిరిమానుకి ఏ ఊళ్లోని చింతచెట్టు కావాలో చెబుతుందని నమ్మకం. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం లక్షల మంది చూసే ఉత్సవానికి ఆ కలే మొదలు. 1757 బొబ్బిలి యుద్ధం తర్వాత అమ్మవారి విగ్రహం పెద్దచెరువులో ఉందన్న సంగతి తెలిసిందీ కలలోనేనని స్థలకథ. దేవత కలలో మాట్లాడుతుందని నేను నమ్మను. అయినా ఆ కలతో ఎవరికీ చేటు లేదు. మంచి కల బయటి నుంచి వచ్చిన కబురైతే పీడకలని కూడా బయటివాళ్లెవరో పంపి ఉండాలన్న లెక్క ఉంది చూశారూ, చేటంతా దానితోనే.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎవరైనా వరసగా కొన్ని రాత్రులు కేకలేసి లేస్తే ముందు వినిపించే మాట "గాలి సోకింది" అని. చనిపోయినవాళ్లు కలలోకి వస్తే పిలుస్తున్నారంటారు. ఆ వెంటే నిమ్మకాయలు, విభూతి, తాయెత్తు, చివరికి కోడి. 'కన్యాశుల్కం'లో దయ్యాన్ని సీసాలో బిగించే పూజారి గవరయ్యకి ఈనాటికీ గిరాకీ తగ్గలేదు.

పీడకల రాని మనిషి దాదాపు ఉండడు. పెద్దవాళ్లలో నూటికి ఇద్దరి నుంచి ఆరుగురి దాకా వారానికోసారైనా వస్తుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ. కలలు దట్టంగా వచ్చే నిద్రదశ తెల్లవారుజామున ఎక్కువసేపు ఉంటుంది, అందుకే పీడకలలూ అప్పుడే ఎక్కువ. ఆ దశలో ఒళ్లు కదలకుండా కండరాలు పట్టు వదిలేస్తాయి. ఒళ్లు తేరుకోకముందే మెలకువ వస్తే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. ఆ కూర్చున్నదానికే మనం దయ్యమని పేరు పెట్టాం. గుండెదడకి వాడే ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు మింగినా, రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి సారా మానేసినా పీడకలలు రావచ్చు.

తరచుగా వచ్చేవాటి వెనక మాత్రం దిగులో, ఆందోళనో, ఒకప్పటి పెద్ద దెబ్బో ఉండటం కద్దు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలు ఉద్దానంలో పొద్దెక్కేసరికి నేలమట్టం. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర రైళ్లు ఢీకొని 14 మంది పోయారు. అలాంటి రాత్రిని దాటి వచ్చిన మనిషికి గాలిహోరో ఇనప చప్పుడో మళ్లీ మళ్లీ కలలోకి వస్తే అందులో ఆశ్చర్యమేముంది? ఆ మెదడు జరిగినదాన్ని ఇంకా దిగమింగుకోలేకపోతోంది. ఫిన్లాండులో 36 వేల మందికి పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించి 2001లో ఒక అధ్యయనం వెలువరించారు. పీడకలలు తరచుగా వచ్చేవారిలో ఆత్మహత్య ముప్పు దాదాపు రెట్టింపని అందులో తేలింది. తాయెత్తు కట్టి ఊరుకున్న ప్రతి ఇంటివాళ్లూ వినాల్సిన మాట ఇది.

"కట్టాక తగ్గింది కదా!" అంటారు. పెద్ద ఆపద తర్వాత వచ్చే పీడకలలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు తాయెత్తుకి పోతుంది. తగ్గనివాళ్లకి రెండో తాయెత్తు, మరింత ఖర్చు, నెలల ఆలస్యం. అంతకన్నా ఘోరం, "కలలో ఎవరు కనిపించారు?" అన్న, తాయెత్తు కట్టే గురువుగారి ప్రశ్న. జవాబుగా వచ్చేది చాలాసార్లు పక్కింటి ముసలామె పేరే, ముఖ్యంగా ఒంటరి విధవైతే. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన నేల మనది. ఒకరి నిద్రలోని భయం ఇంకొకరి ప్రాణం తీయడాన్ని ఆచారమని ఎలా ఊరుకుంటాం?

దీనికి వైద్యం ఉంది, ఖరీదైనదీ కాదు. వెంటాడే కలని పగటిపూట కాగితం మీద రాసుకుని, దాని ముగింపుని మన ఇష్టం వచ్చినట్టు మార్చి, రోజూ కాసేపు మనసులో నడిపించుకోవడం ఒక పద్ధతి. చదువు రానివాళ్లు నోటితో చెప్పుకోవచ్చు. వెనక దిగులో పాత దెబ్బో ఉంటే దానికీ మానసిక వైద్యుడి దగ్గర చికిత్స చేయించుకోవాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నిద్ర పట్టడం లేదని పీహెచ్‌సీకి వచ్చిన మనిషిని డాక్టరుగారు "ఏం కలలొస్తున్నాయమ్మా? ఎప్పటినుంచి? దానికి ముందు ఏం జరిగింది?" అని అడగాలి. గడప గడపకీ తిరిగే ఆశా కార్యకర్త ఆ మాట ఇంకా ముందే అడగగలదు.