ఆయ్, వానలండీ... అందుకే ఆగింది!

కోనసీమలో ఏ రోడ్డు గురించి ఎవర్నడిగినా వచ్చే మొదటి జవాబు ఒకటే. "ఆయ్, వానలండీ. తగ్గాక మొదలెడతారంట." ఆ "అంట"లోనే ఉంది మొత్తం సంగతి. చెప్పేవాడికీ నమ్మకం లేదు, వినేవాడికీ లేదు. ఇద్దరూ కలిసి గోతిలో దిగబడ్డ బండిని పైకి లాగి ఎవరి దారిన వాళ్ళు పోతారు.

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఈ జవాబు కొత్తేం కాదు. "అవతలి టీమ్ ఇంకా ఇవ్వలేదు, అందుకే ఆగాం" అని స్టేటస్ కాల్‌లో చెప్పని వాళ్ళెవరో చేతులెత్తండి. కాకపోతే అవతలి టీమ్ ఎప్పుడిస్తుందో నిజంగానే మనకి తెలీదు. వాన ఎప్పుడొస్తుందో మాత్రం అందరికీ తెలుసు. మృగశిర కార్తె ప్రతి ఏడూ జూన్ 7, 8 తేదీల ప్రాంతంలోనే వస్తుంది. మా ఊళ్ళో చదువు రాని రైతు కూడా దాన్నిబట్టే నారుమడి సంగతి చూసుకుంటాడు. ఆ తేదీ ఇంజనీరింగ్ డిగ్రీలున్న ఆఫీసుల్లోకి మాత్రం ప్రతి ఏడూ చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది, అదేంటో!

సరే, ముందు వాన తరఫున, అంటే రోడ్డు ఇంజనీర్ల తరఫున, కాస్త మాట్లాడతాను. ఎందుకంటే "వానైతే ఏం, వేసేయొచ్చుగా" అని ఊళ్ళో అరిచే వాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ మాట వినడం ఇంకా ప్రమాదం. తారు పనులకి కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల పుస్తకం ఒకటుంది. నేల మీద నీళ్ళు నిలిచినా, వాన పడుతున్నా, పడేలా ఉన్నా, కింది పొర చెమ్మగా ఉన్నా పని ఆపేయమని అందులో స్పష్టంగా రాసుంది. గాలి గంటకి 40 కిలోమీటర్లు దాటినా ఆపాల్సిందే. కారణం సులువు. మామూలు తారు కలిపిన వేడి కంకర దాదాపు 140 డిగ్రీల దగ్గర పరచాలి, 90కి చల్లారేలోగా రోలింగ్ అయిపోవాలి. తడి నేల మీద పోస్తే అది మధ్యలోనే చల్లారిపోతుంది. పైగా కంకర రాయికి తారు కన్నా నీళ్ళంటేనే మక్కువ ఎక్కువ. మధ్యలోకి నీరు చేరితే రాయి తారుని వదిలేస్తుంది. రెండు వానలకే రోడ్డు మీద కంకర మరమరాల్లా లేచిపోవడం వెనక కథ ఇదే.

గ్యాస్ గొట్టాల పని ఇంకా సున్నితం. వీధుల్లో వేసేవి పాలిథిలీన్ గొట్టాలు. వాటి అతుకుల్ని కరెంటుతో వేడి చేసి కరిగించి కలుపుతారు. ఆ అతుకు దగ్గర తడీ మట్టీ ఉండకూడదు. కోనసీమలో మీటరు లోతు తవ్వితే చాలాచోట్ల నీళ్ళు ఊరతాయి, ఎండాకాలంలోనే! పైన మళ్ళీ కప్పే మట్టి చూస్తే గోదారి తెచ్చిపోసిన ఒండ్రు. తేమ ఎక్కువైతే దాన్ని ఎంత దిమ్మిసతో కొట్టినా గట్టిపడదు, ముద్దలా పక్కకి జరుగుతుంది. కాబట్టి వానల్లో పని ఆపడాన్ని నేను తప్పు పట్టను. ఆపకపోతేనే నాకు భయం.

నా గొడవంతా మిగతా నెలల గురించి.

లెక్క వేద్దాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి. మధ్యలో ఎగువన భద్రాచలం నుంచి వరద వచ్చిందంటే లంకలన్నీ మునుగుతాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టు వరద అంతకన్నా పెద్దది, మా పెద్దవాళ్ళు ఇప్పటికీ దాంతోనే కొలుస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం, దాంతోపాటు తుఫాన్లు. 1996 నవంబరు 6ని కోనసీమ వాళ్ళకి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా కూడా నరసాపురం దగ్గర్లోనే తీరం దాటింది. వెరసి నమ్మకంగా పని చేసుకోగలిగేది జనవరి నుంచి మే ఆఖరు వరకూ, ఐదు నెలలు. అందులో కాలువ గట్టు రోడ్లున్నాయి చూశారూ (మన దగ్గర సగం రోడ్లు అవే, ఒక పక్క కాలువ, రెండో పక్క ఇళ్ళు), వాటికింద గొట్టం దాటించాలన్నా, గట్టు జారకుండా గోడ కట్టాలన్నా కాలువలు కట్టేసిన రోజుల్లోనే కుదురుతుంది. అంటే మళ్ళీ ఖరీఫ్‌కి నీళ్ళు వదిలేలోపు దొరికే ఆ కొద్ది వారాలు.

ఇంత చిన్న రిలీజ్ విండో ఉన్న ప్రాజెక్టుని మనమైతే ఎలా ప్లాన్ చేస్తాం? కాగితం పనంతా విండో తెరుచుకునే ముందే ముగించి కూర్చుంటాం. అక్కడ జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. వానాకాలంలో రోడ్డు పాడవుతుంది. వానలు తగ్గాక చూసి అంచనాలు వేస్తారు. పాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు. ఒక్కడే వేస్తే మళ్ళీ టెండరు. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు అసలు ముందుకే రాని సందర్భాలు గత కొన్నేళ్ళలో మన రాష్ట్రంలో పేపర్ల నిండా చదివాం. ఈలోగా మార్చి 31. ఉన్న డబ్బు మురిగిపోకుండా ఆఖరి వారంలో హడావిడిగా పోసేది కొంత, పోయలేక వదిలేసేది కొంత. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్టు, కొత్త ఫైలు. అగ్రిమెంటు మీద సంతకం పడి, కంకర లారీ దిగి, రోలరు వచ్చేసరికి... ఆయ్, వానలండీ!

అంటే ఐదు నెలల పొడి కాలాన్ని కాగితాలు తినేసి, నింద మబ్బు మీద వేస్తున్నాయన్నమాట. మబ్బుకి సంజాయిషీ ఇచ్చుకునే నోరు లేదు కదా.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 2న గుంతల్లేని రోడ్ల కార్యక్రమం మొదలెట్టి, సంక్రాంతిని గడువుగా పెట్టుకుంది. గడువు ఒకటి పైకి చెప్పడం మంచిదే, మెచ్చుకోవాల్సిందే. కానీ నవంబరు, డిసెంబరు అనంతపురానికి ఒకలా ఉంటాయి, అంతర్వేదికి ఒకలా ఉంటాయి. రాష్ట్రమంతటికీ ఒకే తేదీ పెడితే కోస్తాలో గుంతలు పూడ్చడం తప్ప అసలు రోడ్డు వెయ్యడం కుదరదు. అతుకు వేస్తే సంక్రాంతికి ప్రభల తీర్థం జనం వెళ్ళిపోగానే అది మళ్ళీ ఊడుతుంది. జిల్లాకో క్యాలెండరు ఉండాలని ఎవరికీ తట్టదా? కోనసీమ 2022 ఏప్రిల్ నుంచీ విడి జిల్లానే కదా, కనీసం అందుకైనా పనికి రావాలి!

ఇక రెండో జబ్బు, ముందూ వెనకా చూడకపోవడం. అమలాపురంలో మా నాన్నగారు ఉండే వీధి సంగతే చెప్తాను. ఫిబ్రవరిలో తారు వేశారు. నున్నగా ఉంది, పిల్లలు రోడ్డు మీదే షటిల్ కోర్టు గీసుకున్నారు. మే మూడో వారంలో వచ్చి ఒక అంచంతా చీల్చి గొట్టం వేశారు. పైన మట్టి కప్పి "తారు వానలు తగ్గాక" అన్నారు. జులైకి ఆ మట్టి మోకాలి లోతు దిగిపోయింది. నాన్నగారు గోతిలో ఒక కొబ్బరిమట్ట పాతారు, రాత్రిపూట వచ్చే వాళ్ళకి ఆనవాలుగా. ప్రొడక్షన్ అలర్ట్ అంటే అదే మాకు. ఎదురింటి మామ్మగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆటో వాళ్ళు వీధి మొదట్లోనే ఆగిపోతున్నారు, అక్కణ్ణుంచి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకెళ్ళాలి. వానలు తగ్గడానికి ఆవిడ ఇంకా అయిదు నెలలు ఆగాలి. ఎవరిని అడిగినా తప్పు తమది కాదు. రోడ్డు వేసినవాళ్ళకి గొట్టం సంగతి తెలీదు. గొట్టం వేసినవాళ్ళు రోడ్డు బాగుచేసేందుకు డబ్బు కట్టేశాం అంటారు. డబ్బు తీసుకున్నవాళ్ళు దానికి మళ్ళీ టెండరు పిలవాలి. టెండరు ఎప్పుడు? చెప్పాగా.

ఇది మన దగ్గరే ఉన్న సమస్యేమీ కాదు. అమెరికాలో ఈశాన్య రాష్ట్రాల్లో ఉంటున్నవాళ్ళకి తెలిసే ఉంటుంది. అక్కడ చలికాలం తారు ప్లాంట్లు మూసేస్తారు. గ్యాస్ కంపెనీ తవ్విన గోతికి తాత్కాలికంగా అతుకు వేసి, చలికాలమంతా మట్టి దిగనిచ్చి, వసంతంలో వచ్చి అసలు రోడ్డు వేస్తారు. వాళ్ళకి మంచు, మనకి వాన, అంతే తేడా. కాకపోతే ఆ తాత్కాలిక అతుకు కూడా తారుతోనే ఉంటుంది, ఉత్త మట్టితో కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అయితే కొత్తగా వేసిన వీధిని అయిదేళ్ళ దాకా తవ్వకూడదు (అత్యవసరమైతే తప్ప). తవ్వాల్సినవాళ్ళు ముందే వచ్చి తవ్వుకోవాలి. అంత దూరం ఎందుకు, బెంగుళూరులో టెండర్‌ష్యూర్ రోడ్ల కింద కేబుళ్ళకీ గొట్టాలకీ ముందే దారులు పెట్టారు, మనలో చాలామంది ఆ ఫుట్‌పాత్‌ల మీద నడిచే ఉంటారు. మన కేంద్ర ప్రభుత్వమే 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యు డిగ్" అని యాప్ కూడా తెచ్చింది. తవ్వేవాడు అందులో చెప్తే, ఆ నేల కింద గొట్టాలూ కేబుళ్ళూ ఉన్న సంస్థలకి కబురు వెళ్తుంది. యాప్ బానే ఉంది. పొక్లెయిన్ డ్రైవరు ఫోన్లో అది ఉందా అన్నదే ప్రశ్న.

సిమెంటు రోడ్డు వేస్తే పోలా అంటారా? పల్లెల్లో వేస్తూనే ఉన్నారు, నీళ్ళకి అది తారు కన్నా నయమే. కానీ గొట్టం రాకముందు సిమెంటు పోస్తే, దాన్ని కోసి అతికించడం తారు కన్నా రెండింతలు కంపు. మళ్ళీ వరస దగ్గరికే వస్తాం.

ఇప్పటిదాకా వెటకారంగా రాశాను గానీ, గ్యాస్ విషయానికొస్తే నాకు నవ్వు రాదు. రోడ్డు ఆలస్యమైతే నడుం నొప్పి. గొట్టం మార్చడం ఆలస్యమైతే ఏమవుతుందో కోనసీమ చూసింది. మామిడికుదురు మండలం నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ వారి 18 అంగుళాల పైపులైను పేలింది. తాటిపాక నుంచి కొండపల్లి వైపు విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్ళే లైను అది. జనం ఇంకా నిద్రలో ఉన్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఆ ఫోటోలు ఆఫీసులో కూర్చుని చూసిన రోజు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది, అది మా తరం చిన్నప్పటి జ్ఞాపకం.

నగరంలో పైపు ఎందుకు పేలిందో విచారణలో తేలింది. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీరు కలిసిన గ్యాస్ పంపారు. ఆ నీరు, గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉక్కుని లోపల్నుంచి తినేశాయి. గమనించండి, అక్కడా నీళ్ళే. కానీ ఆకాశంలోంచి పడ్డవి కావు. వానకీ దానికీ ఏ సంబంధమూ లేదు. గ్యాస్‌లో నీటిని తీసేసే యంత్రం పెట్టడానికీ, గొట్టం మందం కొలవడానికీ, పాత ముక్క మార్చాలని నిర్ణయించడానికీ ఏ కార్తె అడ్డు రాదు. ఆ ప్రమాదం తర్వాతే పాత లైన్లు మార్చే పని ఊపందుకుంది.

అందుకే "వానల వల్ల ఆలస్యం" అన్న మాటని నేను రెండుగా విడగొట్టి వింటాను. తవ్వడం, అతకడం, తారు పొయ్యడం ఆగొచ్చు, ఆగాలి. లీకేజీ తనిఖీ, తుప్పు కొలతలు, అంచనాలు, టెండర్లు, బిల్లుల చెల్లింపు, ఇవి ఆగడానికి వీల్లేదు. నిజానికి ఇవన్నీ చేసుకోవాల్సింది వానాకాలంలోనే, బయట పనెలాగూ ఉండదు కాబట్టి. సెప్టెంబరుకల్లా టెండరు ముగిస్తే, జనవరిలో గొట్టం, మార్చిలోపు మట్టి సర్దుకోవడం, ఏప్రిల్‌లో తారు. ఇందులో రాకెట్ సైన్స్ ఏముంది? బడ్జెట్టు ఏడాది మధ్యలో తెగిపోతుందంటారు. రెండేళ్ళకి కలిపి మంజూరు చేసే పనులు ప్రభుత్వంలో బోలెడున్నాయి, వీధి రోడ్డుకి అది పనికిరాదని ఏ శాస్త్రంలోనూ లేదు.

కోనసీమ వాళ్ళు కొత్త గ్యాస్ గొట్టమంటే బెదరడం చూసి "అభివృద్ధికి అడ్డు పడుతున్నారు" అనేవాళ్ళు మన ఆఫీసుల్లోనూ ఉన్నారు. మా కాళ్ళ కిందినుంచి పోయిన గ్యాస్ ఎక్కడెక్కడో కరెంటయింది, ఎరువయింది. మా ఇళ్ళలో మాత్రం ఇన్నాళ్ళూ సిలిండరు కోసం ఫోన్లు. ఇప్పుడు ఆ గొట్టం వంటింటి దాకా వస్తానంటే నేను వద్దనను, మా అమ్మకి మేలే. కానీ దిగిపోయిన మట్టి కింద ఆ గొట్టం ఎలా ఉందో ఎవరైనా వచ్చి చూశారా అని అడిగే హక్కు నాన్నగారికి ఉంది. రోడ్డు మోకాలి లోతు కుంగినప్పుడు కింద అతుకు మీద ఎంత బరువు పడుతుందో, ఆ మాటకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

సంక్రాంతికి ఊరెళ్ళే వాళ్ళు కోడిపందేల మధ్యలో ఒక గంట కేటాయించండి. సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్ల కాగితం చాలు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో అడిగితే ఫీజే లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆ పైన పది. ఫలానా వీధి పనికి అంచనా వేసిన తేదీ, టెండరు తేదీ, అగ్రిమెంటు తేదీ, పని మొదలైన తేదీ, ఈ నాలుగూ అడగండి. గొట్టం వేసిన చోటయితే అతుకుల ప్రెజర్ టెస్టు ఏ రోజున జరిగిందో కూడా. జవాబుకి 30 రోజుల గడువు. జనవరిలో పెడితే ఫిబ్రవరిలో వస్తుంది, అప్పటికింకా చినుకు పడదు.