శిక్ష ముగిసినా తెరుచుకోని తలుపు - వారంటు లెక్కల్లో సరిహద్దు కుటుంబాలు

భద్రావతి (చంద్రపూర్ జిల్లా):

శిక్షాకాలం పూర్తయిన తరువాత కూడా ఎవరైనా జైళ్లలో మిగిలి ఉన్నారేమో పరిశీలించవలసిందిగా సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో అన్ని రాష్ట్రాల హోంశాఖలను ఆదేశించింది. ఢిల్లీకి చెందిన ఒక హత్యకేసులో 20 ఏళ్ల నిర్దిష్ట శిక్ష పూర్తిచేసుకున్న ఖైదీ విషయంలో జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం ఈ ఆదేశమిచ్చింది. న్యాయస్థానం విధించిన గడువు ముగిశాక ఖైదీని విడిచిపెట్టడానికి మళ్లీ ఏ సమీక్షా మండలి అనుమతీ అక్కరలేదని స్పష్టం చేసింది. మరుసటి నెలలోనే మధ్యప్రదేశ్ నుండి వచ్చిన మరొక కేసు ఆ ఆదేశం ఎంత అవసరమో రుజువు చేసింది. హైకోర్టు యావజ్జీవ శిక్షను ఏడేళ్లకు తగ్గించినప్పటికీ ఒక ఖైదీ నాలుగేళ్లకు పైగా అదనంగా జైలులోనే ఉండిపోయాడు. అతనికి 25 లక్షల రూపాయల పరిహారం చెల్లించవలసిందిగా సుప్రీంకోర్టు ఆ రాష్ట్రాన్ని ఆదేశించింది. మన పొరుగునున్న ఛత్తీస్‌గఢ్‌లోనూ ఇట్టిదే జరిగి, 2022లో ఏడున్నర లక్షల పరిహారం వరకు వెళ్లింది. అక్కడ కూడా పన్నెండేళ్ల శిక్ష ఏడేళ్లకు తగ్గిన సంగతి జైలు లెక్కలోకి చేరలేదు.

ఇవి ఎక్కడో జరిగిన వింతలని భద్రావతి, వరోరా, రాజురా, సిరోంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలు అనుకోవడానికి వీలులేదు. మాజ్రీ బొగ్గు గనులు, ఘుగ్గుస్, బల్లార్‌పూర్ కార్మికవాడలు తరతరాలుగా తెలుగువారికి బతుకుతెరువు. ఇటునుండి మిరపకోతలకు తెలంగాణకు వెళ్లే కూలీలూ ఉన్నారు. పని ఎక్కడ ఉంటే కేసు కూడా అక్కడే పడుతుంది. చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుండి 2021లో ఎత్తివేసే వరకు మద్యనిషేధం అమలులో ఉన్న కాలంలో వార్ధా నది దాటించిన సీసాలు ఎన్ని ఇళ్లకు కోర్టు వాయిదాలు తెచ్చిపెట్టాయో సరిహద్దు గ్రామాలకు వేరే చెప్పనక్కరలేదు. గడ్చిరోలిలో 1993 నాటి నిషేధం నేటికీ కొనసాగుతున్నది. ఆ విధంగా ఒకే మనిషి మీద ఇటొక కేసు, అటొక కేసు ఉండడం ఇక్కడ అరుదు కాదు. లెక్క చిక్కుపడేది సరిగ్గా ఇక్కడే.

న్యాయమూర్తి తీర్పు చదివినంత మాత్రాన జైలు అధికారికి ఏ అధికారమూ రాదు. తీర్పును అనుసరించి న్యాయస్థానం పంపే వారంటే అతనికి ఆధారం. ఎవరిని, ఏ సెక్షను కింద, ఎంతకాలం, ఏ తేదీ నుండి నిర్బంధించాలో అందులో ఉంటుంది. విచారణ సమయంలో గడిపిన రోజులు ఎన్నో కూడా అందులోనే రావాలి. జైలు అధికారి ఆ కాగితాన్ని దాటి ఒక్క రోజు తగ్గించలేడు, పెంచకూడదు. శిక్ష పూర్తయ్యాక దాని వెనుక అమలు వివరం రాసి న్యాయస్థానానికి తిప్పి పంపాలి. అప్పీలులో శిక్ష తగ్గితే పాత వారంటు స్థానంలో సవరించిన వారంటు జైలుకు చేరాలి. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ కేసులలో తెగిపోయినది ఈ లంకెయే. నాగపూర్ ధర్మాసనంలో అప్పీలు గెలిచామన్న సంతోషంతో ఊరికి తిరిగివచ్చే కుటుంబం, ఆ ఉత్తర్వు కింది కోర్టు ద్వారా జైలుకు చేరిందా లేదా అని ఆరా తీయకపోతే గెలుపు కాగితం మీదనే ఉండిపోతుంది.

తెలుగువారు బాగా ఎరిగిన ఉదంతమొకటి ఇందుకు నిదర్శనం. అమలాపురం ప్రాంతానికి చెందిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబాకు గడ్చిరోలి సెషన్స్ కోర్టు 2017 మార్చి 7న యావజ్జీవ శిక్ష విధించింది. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. మరునాడు శనివారమైనా సుప్రీంకోర్టు కూర్చుని ఆ తీర్పును నిలిపివేసింది. కనుక ఆయన జైలు దాటి రాలేదు. 2024 మార్చి 5న రెండవసారి నిర్దోషిత్వం రుజువైన తరువాత కూడా నాగపూర్ కేంద్ర కారాగారం తలుపులు తెరుచుకున్నది 7వ తేదీ ఉదయమే. దేశమంతా చూస్తున్న కేసులోనే ఉత్తర్వు ప్రయాణానికి రెండు రోజులు పట్టినప్పుడు, ఎవరూ చూడని కూలీవాని కేసులో ఎన్ని రోజులు పడుతుందో ఊహించడం కష్టం కాదు. ఆయన ఆ ఏడాది అక్టోబరు 12న హైదరాబాదులో కన్నుమూశారు.

ఇక రోజుల లెక్క. నేరవిచారణ స్మృతిలో 428వ సెక్షనుగా ప్రసిద్ధమై, 2024 జులై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 468వ సెక్షనుగా మారిన నిబంధన దీనికి ఆయువుపట్టు. దర్యాప్తు, విచారణ కాలాలలో అదే కేసులో నిర్బంధంలో గడిపిన రోజులన్నీ శిక్షలో మినహాయించాలి. జైలులో గడిపినవే కాదు, పోలీసు కస్టడీ రోజులు కూడా ఇందులోకి వస్తాయి. ఆదిలాబాద్‌లో పట్టుకుని భద్రావతి మేజిస్ట్రేటు ముందుకు తెచ్చేలోగా ప్రయాణంలో గడిచిన రోజు కూడా నిర్బంధమే. ఉదాహరణకు 2025 మార్చి 10న ఏడాది శిక్ష పడినవానికి గడువు 2026 మార్చి 9తో ముగియాలి. అతడు విచారణలో 97 రోజులు లోపల ఉంటే ఆ గడువు 2025 డిసెంబరు 2కు వస్తుంది. వారంటులో 97కు బదులు 79 పడితే పద్దెనిమిది రోజులు పోతాయి. అంకె తారుమారు కావడం చిన్న తప్పే. దాని మూల్యం పద్దెనిమిది రోజుల కూలి, పద్దెనిమిది రాత్రుల ఎదురుచూపు.

"అదే కేసులో" అన్న రెండు మాటలు సరిహద్దు మనుషులను ఎక్కువగా బాధిస్తాయి. ఈ మాటల మీద తొలినాటి ముఖ్య తీర్పులలో ఒకటి తెలుగు నేలనుండి వెళ్లినదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, అన్నే వెంకటేశ్వరరావుకు మధ్య నడిచిన కేసులో 1977లో సుప్రీంకోర్టు, ముందస్తు నిర్బంధ చట్టం కింద గడిపిన కాలం విచారణ ఖైదుతో సమానం కాదన్న సూత్రాన్ని చెప్పింది. తరువాత 2001లో మహారాష్ట్ర కేసులోనే మరో మెట్టు ఎక్కింది. నజాకత్ అలియా ముబారక్ అలీ కేసులో, ఒక వ్యక్తి ఏకకాలంలో రెండు కేసులలో రిమాండులో ఉంటే ఆ రోజులను రెండింటిలోనూ మినహాయించవచ్చునని తీర్పు వచ్చింది. అయితే రెండవ కేసులో కూడా అరెస్టు చూపించి రిమాండు జరిగి ఉండాలి. చంద్రపూర్ జైలులో ఒక కేసుకు ఉన్నవాని మీద ఆసిఫాబాద్‌లో మరొక కేసు ఉన్నదనుకుందాం. అక్కడి పోలీసులు పీటీ వారంటు తెచ్చి, ఆ కోర్టులో హాజరుపరచి, రిమాండు పొందేదాకా ఇక్కడి రోజులు అక్కడి ఖాతాలో పడవు. పీటీ వారంటు అన్న మాట వింటేనే ఇంటివారు భయపడతారు, ఆలస్యమైతే మేలనుకుంటారు. నిజానికి చాలా సందర్భాలలో ఆలస్యమే నష్టం. ఇక్కడ శిక్ష పూర్తయిన ఉదయం జైలు ద్వారం వద్ద రెండవ కేసు పోలీసులు ఎదురైతే లెక్క మళ్లీ ఒకటినుండి మొదలవుతుంది.

రెండు శిక్షలూ పడినప్పుడు మరో ప్రశ్న తలెత్తుతుంది. పాత 427, ఇప్పటి 467వ సెక్షను ప్రకారం, ఇప్పటికే శిక్ష అనుభవిస్తున్నవానికి వేరే కేసులో పడిన శిక్ష మొదటిది ముగిశాకనే ప్రారంభమవుతుంది. రెండూ కలిసి నడవాలని రెండవ న్యాయస్థానం ప్రత్యేకంగా రాస్తేనే కలిసి నడుస్తాయి. రాయకపోతే జైలు అధికారి తనంత తాను కలపలేడు. విద్యుత్తు పరికరాల దొంగతనానికి సంబంధించి తొమ్మిది కేసులలో రెండేళ్ల చొప్పున శిక్షపడి, మొత్తం 18 ఏళ్లు కాబోయిన ఉత్తరప్రదేశ్ ఖైదీని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ చిక్కునుండే తప్పించింది. మొదటి శిక్ష సంగతి రెండవ కోర్టు దృష్టికి తేవలసిన బాధ్యత వకీలుది. ఆ వకీలుకు చెప్పవలసినది ఇంటివారే. ఎందుకంటే రాజురాలో వాదించే వకీలుకు ఆదిలాబాద్ కేసు తెలియదు, అక్కడివానికి ఇక్కడిది తెలియదు.

జరిమానాను తేలికగా తీసుకునే అలవాటొకటి ఉన్నది. జరిమానా కట్టనందుకు అనుభవించే శిక్షకు పై మినహాయింపు వర్తించదు. అది అసలు శిక్ష పూర్తయ్యాక విడిగా మొదలవుతుంది. ఒకటికి మించి ఇట్టి శిక్షలుంటే అవి కలిసి నడవవని 2018లో శరద్ హీరు కోలంబే కేసులో తేలింది. అది కూడా మహారాష్ట్రదే. ఇందులో ఒక వెసులుబాటు లేకపోలేదు. జరిమానాలో కొంత భాగం చెల్లించినా ఆ దామాషాలో రోజులు తగ్గుతాయి. మధ్యలో చెల్లించినా సరే. వడ్డీకి తెచ్చి కట్టాలా, లేక ఆ రోజులు అనుభవించాలా అన్నది ఇంటి పరిస్థితినిబట్టి ఉంటుంది గాని, ఈ మార్గమున్నదని తెలియక అనుభవించడం మాత్రం అన్యాయం.

యావజ్జీవం గురించి ఊళ్లలో 14 ఏళ్లని కొందరు, 20 ఏళ్లని కొందరు అంటారు. రెండూ పొరపాటే. యావజ్జీవమంటే జీవితాంతమని 1961లో గోపాల్ గోడ్సే కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 14 ఏళ్లన్నది, మరణశిక్ష కూడా విధించదగిన నేరాలలో, క్షమాభిక్ష కోరడానికి ముందు తప్పక గడపవలసిన కనీస కాలం. ఆపైన నిర్ణయం ప్రభుత్వానిది. మంచి నడవడికకు వచ్చే రోజులు ఈ 14 ఏళ్లను తగ్గించవు. మహారాష్ట్రలో ఫర్లో, పెరోల్ రెండూ ఒకటే అనుకోవడం మరో పొరపాటు. 1959 నాటి నియమాల ప్రకారం ఫర్లో మీద వచ్చిన రోజులు శిక్షలో జమ అవుతాయి, పెరోల్ రోజులు కావు.

విచారణ ఖైదీల విషయం వేరు. వారికి విడుదల తేదీ అంటూ ఉండదు. జామీను మాత్రమే ఉంటుంది. కొత్త సంహిత 479వ సెక్షను ప్రకారం, తొలిసారి నేరారోపణకు గురైనవారు ఆ నేరపు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు, తక్కినవారు సగం లోపల గడిపితే జామీను పొందవచ్చు. మరణశిక్షకు గాని యావజ్జీవానికి గాని తగిన నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. సరిహద్దువారికి ఇదే అడ్డంకి. దరఖాస్తు చేయవలసిన బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంటు మీదనే పెట్టింది. పాత కేసులకూ ఇది చెల్లుతుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టపరిచింది.

జామీను వచ్చాక స్థానిక జామీనుదారు కావాలన్న పట్టు మరొకటి. వేరే జిల్లాలోని అన్న జామీను చెల్లదన్న మేజిస్ట్రేటును 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ నిలదీశారు. తన భాష, తన ఊరు కాని చోట పట్టుబడిన తెలుగువాడు ఏమి చేయాలని ఆయన అడిగిన ప్రశ్న బస్తర్ పేరుతో సహా ఆ తీర్పులో ఉన్నది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ అదే చెబుతూ, స్థానిక జామీనుదారు షరతు పెట్టవద్దని సూచించింది. జామీను వచ్చి ఏడు రోజులైనా విడుదల కానివారి సంగతి జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవా సంస్థకు తెలపాలని కూడా ఆదేశించింది. 45 ఏళ్ల తరువాత అదే మాట మళ్లీ చెప్పవలసి వచ్చిందంటే కింది స్థాయిలో ఏమి మారినదో పాఠకులే గ్రహించగలరు.

పేరు కూడా విడుదలను ఆపగలదు. మరాఠీ దస్తావేజులలో పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. తెలుగు ఆధార్ కార్డులో ఇంటిపేరు ముందుంటుంది. వివాదాస్పదమైన జివతి తాలూకా గ్రామాలలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవారున్నారు. ఒక్కొక్కదానిలో పేరు ఒక్కొక్క తీరు. కాగితంలో స్వల్పభేదం ఎంతకు దారితీస్తుందో గాజియాబాద్ చెప్పింది. జామీను ఉత్తర్వులో ఒక ఉపవిభాగపు సంఖ్య లేదన్న నెపంతో అక్కడి జైలు 2025లో ఒక వ్యక్తిని 28 రోజులు అదనంగా ఉంచింది. సుప్రీంకోర్టు అయిదు లక్షల పరిహారం విధించింది.

అందువల్ల ములాఖత్‌కు వెళ్లే కుటుంబం పండ్లు, బట్టలతోపాటు అడగవలసినవి కొన్ని ఉన్నవి. శిక్షపడిన రోజే తీర్పు ప్రతి ఉచితంగా పొందే హక్కు ముద్దాయికున్నది. వారంటులో పేరు, సెక్షను, మినహాయింపు రోజులు తీర్పుతో సరిపోలుతున్నవో లేదో వకీలు చేత చూపించుకోవాలి. తేడా ఉంటే సవరణ కోరవలసినది జైలులో కాదు, వారంటు ఇచ్చిన న్యాయస్థానంలో. భద్రావతి కోర్టు ఇచ్చినదైతే భద్రావతిలో, వరోరా సెషన్స్ ఇచ్చినదైతే వరోరాలో. వకీలు లేనివారికి చంద్రపూర్ జిల్లా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. దేశమంతటా పనిచేసే 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు. శిక్షపడినవాడు సొంత రాష్ట్రపు జైలుకు మారాలనుకుంటే 1950 నాటి ఖైదీల బదిలీ చట్టం కింద రెండు ప్రభుత్వాల అంగీకారంతో మారవచ్చు. ఆ వెసులుబాటు విచారణ ఖైదీలకు లేదు. విడుదల తేదీకి నెల ముందే ఆవలి జిల్లాలో ఏ వారంటైనా పెండింగులో ఉన్నదా అని ఆ కోర్టులో విచారించుకుంటే, జైలు ద్వారం ముందు రెండవ పోలీసు వాహనం కనబడే అవకాశం తగ్గుతుంది.