కంప్యూటర్ గుండె లయ చదివింది సరే, కోటగిరిలో ఆ తర్వాత ఏంటి?

ఏఐతో గుండె జబ్బు పట్టేస్తాం అనే మాట ఇప్పుడు హెల్త్ క్యాంపుల్లో తరచూ వినిపిస్తోంది. ఫోన్‌కు జోడించిన పలక మీద వేళ్లు పెడితే అర నిమిషంలో గుండె లయ గీతలు వచ్చేస్తాయి. కొడుకు గల్ఫ్ నుంచి పంపిన వాచీ కూడా ‘లయ తప్పింది’ అని చెప్పేస్తోంది. కోటగిరి లాంటి మండల కేంద్రానికి ఇది పనికొచ్చేదే. కానీ చాలావరకు పని మెషీన్ రిపోర్టు ఇచ్చాకే మొదలవుతుంది. మనోళ్లు దాని గురించే మాట్లాడరు.

లయ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు పద్ధతిగా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్లకు పక్షవాతం ముప్పు దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. చాలామందికి దడ కూడా తెలియదు, కాలు చెయ్యి పడిపోయాకే బయటపడుతుంది.

ఈసీజీలో ప్రతి పొడవాటి గీతకు ముందు ఒక చిన్న బొడిపె రావాలి. ఈ జబ్బులో అది మాయమవుతుంది, గీతల మధ్య దూరం ఇష్టమొచ్చినట్టు మారుతుంది. పాత సాఫ్ట్‌వేర్ ఈ దూరాలను కొలిచి లెక్క చెప్పేది. కొత్తది వేల రికార్డులు చూసి తానే నేర్చుకుంటుంది. 2019లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 53,549 మంది నుంచి తీసిన 91,232 ఈసీజీలతో ఒక ప్రోగ్రామ్‌కు శిక్షణ ఇచ్చారు. లయ తేడాలు గుర్తించడంలో అది గుండె డాక్టర్ల సగటుకు తీసిపోలేదు.

మరి తప్పులు? కంప్యూటర్ ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అని రాసిన రెండు వేలకు పైగా ఈసీజీలను డాక్టర్లు మళ్లీ చూస్తే, దాదాపు 19 శాతం తప్పని తేలినట్టు 2004లో ఒక అధ్యయనం వచ్చింది. అవి పాత ప్రోగ్రాములు, నిజమే. అయినా రక్తం పలచబడే మందు ఉత్తి పుణ్యానికి వేసుకునేది కాదు, పొరపాటున వేసుకుంటే లోపల రక్తస్రావం కావచ్చు. కాబట్టి మెషీన్ చెప్పిన ప్రతి గీతను ఒక డాక్టర్ కంటితో చూడాల్సిందే. గీతలను ఫోన్‌లో పంపడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. అటు వైపు చూసే మనిషి ఎవరు అన్నదే ప్రశ్న.

గుజరాత్‌లోని ఆణంద్ జిల్లాలో ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలే ఫోన్ పరికరంతో 40 ఏళ్లు దాటిన రెండు వేల మందికి పైగా పరీక్ష చేశారు. సుమారు 1.6 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. అంటే ఆశా అక్కలకు నేర్పిస్తే మన దగ్గరా ఇంటింటికీ చేయొచ్చు. కాకపోతే వయసు గీత దగ్గర నాకొక అనుమానం. చిన్నప్పుడు గొంతు నొప్పికి సరైన వైద్యం అందక, కీళ్ల వాతం జ్వరం వచ్చి గుండె కవాటం చెడినవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వీళ్లకు లయ ముప్పై, నలభైల్లోనే తప్పొచ్చు. పెద్దవాళ్లనే పరీక్షిస్తే వీళ్లు జారిపోతారు.

మందు సంగతి కూడా వీళ్లకు వేరే. 24 దేశాల్లో 4,500 మందికి పైగా రోగులతో చేసి 2022లో ప్రచురించిన ఇన్విక్టస్ పరిశోధనలో, ఇలా కవాటం చెడినవాళ్లకు కొత్త రకం మాత్ర రివరోక్సబాన్ కన్నా వార్ఫరిన్ లాంటి పాత రకం మాత్రలే మేలని తేలింది, మరణాలు తగ్గాయి. పాత మాత్ర చవకే. అయితే దానికి ఐఎన్‌ఆర్ అనే రక్త పరీక్ష పదేపదే చేయించాలి. మోతాదు తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. పాలకూర లాంటి ఆకుకూరలు ఒక వారం బాగా తిని ఇంకో వారం మానేసినా లెక్క తప్పుతుంది. అసలు ఖర్చంతా ఇక్కడే. పరీక్షకని నిజామాబాద్ పోవాలంటే బస్సు కిరాయి, ఒక రోజు కూలి రెండూ పోతాయి. ఇలా రెండు మూడు సార్లు తిరిగాక చాలామంది మాత్ర వేసుకుంటూ పరీక్ష మానేస్తారు, లేదంటే రెండూ మానేస్తారు.

2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్‌తో దగ్గరి సర్కారు దవాఖానలో రక్తం ఇస్తే రిపోర్టు ఫోన్‌కే రావడం జనానికి అలవాటైంది. కోటగిరిలో ఐఎన్‌ఆర్‌ కూడా అంత సులువుగా దొరికినప్పుడే ఏఐ ఈసీజీకి అర్థం. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, మంచిదే. కానీ అది ఆసుపత్రిలో చేరాక పనికొచ్చేది, నెలనెలా రక్త పరీక్షకు కాదు.

ఇంకో చిక్కు జిల్లా గీత. కోటగిరి ఉండేది బాన్సువాడ నియోజకవర్గంలోనే అయినా, 2016 విభజన తర్వాత బాన్సువాడ కామారెడ్డి జిల్లాకు పోయింది, కోటగిరి నిజామాబాద్‌లో ఉండిపోయింది. లయ తప్పిందని తేలిన మనిషిని ఎటు పంపాలి, ఫైలు ఎవరి దగ్గర ఉండాలి అన్నది ముందే రాసిపెట్టుకోవాలి.

తర్వాతి క్యాంపుకు వచ్చే నాయకుల్ని, కంపెనీ వాళ్లని రెండే అడగండి: ఈ గీతలు చూసే డాక్టర్ ఎవరు? వచ్చే నెల ఐఎన్‌ఆర్ ఎక్కడ చేస్తారు?