గిజిగాడి గూడు ఎవరికి నచ్చాలి?

"సృష్టిలో మగజాతిదే పెత్తనం" అని వాదించేవాళ్లు పక్షులను సాక్ష్యానికి పిలుస్తుంటారు. నేను ఒప్పుకోను.

మన వాగుల పక్కన ఈతచెట్లకు వేలాడే గిజిగాడి గూళ్లనే చూడండి మిత్రులారా! మగపక్షి గూడు సగం అల్లి, రెక్కలాడిస్తూ పిలుస్తుంది. ఆడపక్షి లోపల దూరి పరీక్షిస్తుంది. నచ్చితేనే జత. ఆ తర్వాతే కింది గొట్టం పూర్తవుతుంది. మగపక్షి ఇంకో గూడు మొదలుపెడుతుంది, పిల్లల పెంపకం దాదాపు తల్లిదే. మరి ఆమె గట్టిగా చూసుకోదా?

ఆడపక్షుల ఎంపికే మగపక్షుల సింగారాన్ని తీర్చిదిద్దిందని 1871లో డార్విన్ రాస్తే, ఆయనలాగే ప్రకృతివరణాన్ని కనుగొన్న వాలెస్ కూడా ఒప్పుకోలేదు. ఆడపక్షికి అందం ఎంచే బుద్ధి ఉంటుందా అని సందేహం!

ఈసారి ఊరెళితే సగంలో ఆగిన గూళ్లను లెక్కపెట్టండి. వాటిలో చాలా ఆమె వద్దన్నవే.