పాపమన్నారు, నెత్తురు తీశారు

అంటురోగాలు మన పాపాలకు శిక్షలని ఈమధ్య ఒక ప్రవచనంలో విన్నాను. సభంతా భక్తిగా తలలూపింది. కరోనాలో అమ్మనూ నాన్ననూ పోగొట్టుకున్న పిల్లల ముందు నిలబడి ఈ మాట అనగలరా? ఆ పిల్లలు చేసిన పాపమేమిటి? కోపం ఆగక, ఒక మహమ్మారి కథ చెప్పే లారీ హాల్స్ ఆండర్సన్ నవల ‘ఫీవర్ 1793’ మళ్లీ తీసి చదివాను.

అప్పట్లో అమెరికా రాజధాని ఫిలడెల్ఫియా. 1793లో ఎల్లో ఫీవర్ అక్కడ సుమారు 5,000 మందిని పొట్టనబెట్టుకుంది. అంటే ఊళ్లో పదిమందికి ఒకరు. కాఫీహౌస్ నడుపుకునే ఇంటి పిల్ల, పద్నాలుగేళ్ల మ్యాటీ కళ్లతో ఆ చావులన్నీ చూస్తాం. దేవుడి ఆగ్రహమన్నవాళ్లు అక్కడా ఉన్నారు. రేవులో కుళ్లిన కాఫీగింజల కంపే కారణమన్న పండితులూ ఉన్నారు. జనం వెనిగర్, కర్పూరం వాసన చూస్తూ, తుపాకులు పేల్చి గాలిని శుద్ధి చేశామనుకున్నారు.

వీటివల్ల పోయిందేమీ లేదు. ప్రాణాలు తీసింది గొప్పవాడి మీద నమ్మకం. డాక్టర్ బెంజమిన్ రష్ స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవాడు. పాదరసపు మందుతో విరేచనాలు చేయించి, అప్పటికే నీరసించిన రోగికి నరం కోసి నెత్తురు తీసేవాడు. బతికితే వైద్యం గొప్పదన్నారు. చస్తే ఆలస్యంగా పిలిచారన్నారు. ఓడిపోయే వీలే లేని వాదన అది.

ఈ తర్కం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా ఊళ్లో పచ్చకామెర్లొస్తే చేతిమీద వాత పెట్టేవారు. కాల్చిన ఇనుము ఆనించేటప్పుడు పిల్లాడు గింజుకోకుండా కన్నతల్లే రెక్కలు పట్టుకునేది. తగ్గితే వాత మహిమ, తగ్గకపోతే వాడి కర్మ. కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. ఆ కేకలు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఫిలడెల్ఫియాలో ఇంతకన్నా క్రూరమైన నమ్మకం మరొకటి. నల్లవాళ్లకు ఈ జ్వరం రాదని రష్ పత్రికాముఖంగా చెప్పి, సేవకు రమ్మన్నాడు. రిచర్డ్ అలెన్, అబ్సలోం జోన్స్ నడిపిన ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ కదిలింది. సొంతవాళ్లే వదిలేసి పారిపోయిన రోగులకు ఆ మనుషులు నీళ్లు పట్టారు, శవాలు మోశారు. నవలలో మ్యాటీ వాళ్ల కాఫీహౌస్ వంటమనిషి, నల్లజాతి స్త్రీ ఎలైజా చేసే పని అదే. జ్వరం వాళ్లనూ వదల్లేదు. 200 మందికి పైగా నల్లవాళ్లు చచ్చిపోయారు. బదులుగా దక్కిందేమిటి? వాళ్లు రోగుల్ని దోచుకున్నారని ప్రచురణకర్త మాథ్యూ కేరీ పుస్తకం వేశాడు. తమ నిజాయితీని నిరూపించుకోడానికి అలెన్, జోన్స్ 1794లో లెక్కలతో సహా జవాబు అచ్చువేయాల్సి వచ్చింది. ప్రాణాలు పెట్టినవాళ్లే సంజాయిషీ చెప్పుకోవడం ఎంత అన్యాయం!

అదే ఊళ్లో బుష్ హిల్ ఆసుపత్రిలో ఫ్రెంచి వైద్యుడు దెవేజ్ విపరీతంగా నెత్తురు తీయడాన్ని వ్యతిరేకించాడు. విశ్రాంతి, శుభ్రత, ద్రవాహారంతో రోగుల్ని చూసుకున్నాడు. నవలలో మ్యాటీ కోలుకునేది అక్కడే. మందు తెలియనప్పుడు కనీసం హాని చేయకుండా ఉండటం కూడా వైద్యమే.

ఎల్లో ఫీవర్‌కు దోమే కారణం కావచ్చని 1881లో క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే చెప్పాడు. 1900లో వాల్టర్ రీడ్ బృందం ప్రయోగాలతో నిరూపించింది. ఆ పరిశోధనలోనే బృందంలోని వైద్యుడు జెస్సీ లాజియర్ జ్వరమొచ్చి ప్రాణం వదిలాడు. 1930ల్లో టీకా వచ్చింది. ఈ పనుల్లో ఏ ఒక్కటీ ప్రవచనం వల్ల జరగలేదు.

ఫిలడెల్ఫియాను శ్మశానం చేసిన ఈడిస్ ఈజిప్టై దోమే ఇవాళ మన పెరటి తొట్టెల్లో, కూలర్లలో గుడ్లు పెట్టి డెంగీ తెస్తోంది. అది మన పాపపుణ్యాల చిట్టా చూసి కుట్టదు. నిలవ నీళ్లు పారబోయండి. జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించండి. జబ్బుపడ్డ మనిషిని పాపి అనేవాడు ఎంతటివాడైనా లేచి నిలబడి ఆధారం అడగండి.